కూలోళ్ళు దొరకడం లేదట!

మిర్యాలగూడ బస్టాండు కాడ టీ కొట్టు ముందు నిలబడండి. కోదాడలో ఎరువుల దుకాణం అరుగు మీద కాసేపు కూసోండి. సూర్యాపేట మార్కెట్ యార్డులో కాంటాల నడుమ ఓ చుట్టు తిరిగి రండి. ఎక్కడ చూసినా ఒకటే పాట: "ఏం జేస్తం, కూలోళ్ళు దొరుకుత లేరు." ఇరవై ఎకరాల ఆసామిదీ ఇదే మాట. మిల్లు యజమానిదీ ఇదే మాట. ఓట్లప్పుడు మన వాడకొచ్చి ముసలమ్మల కాళ్ళు మొక్కే నాయకుడు, ఓట్లు అయిపోయినాక ఆసామి ఇంట్లో కుర్చీలో కూసొని పలికేదీ ఇదే మాట. దానికి తోక ఒకటి: "రేషన్ల ఉత్తగ బియ్యమిచ్చి, వంద రోజుల పని పెట్టి గవర్నమెంటు వీళ్ళను సోమరిపోతులను జేసింది."

అన్నలారా, అక్కలారా! ఇది టీ తాగుతూ అనుకుని మరిచిపోయే మాట కాదు. ఈ మాట ఇప్పటికే మన కూలి మీద పడింది. ఇప్పుడు చట్టంలోకి కూడా ఎక్కింది. కాబట్టి దీనికి వాడవాడలో, కల్లంకాడ, మిల్లు గేటుకాడ జవాబు చెప్పాల్సిందే.

ఎన్ని రోజులు దొరకలేదు?

ఏడాదికి 365 రోజులు. సాగర్ ఎడమ కాలువ కింద నీళ్ళు వదిలితే అందరి మళ్ళల్లోకీ ఇంచుమించు ఒక్కసారే వస్తాయి. నారు ఒక్కసారే ముదురుతుంది. నాట్లకు అందరికీ ఒక్కసారే మనుషులు కావాలి. వానాకాలంలో ఓ ఇరవై ఇరవై అయిదు రోజులు, యాసంగిలో మళ్ళీ అన్ని రోజులు. ఆ రోజుల్లో మనుషులు దొరకడం కష్టమే, ఎవరూ కాదనరు. మరి మిగిలిన పది నెలల సంగతేంది? ఆ పది నెలలు సద్ది కట్టుకొని పొద్దున్నే అడ్డా మీద నిలబడి, పది గంటలకు వట్టి చేతులతో ఇంటికి మళ్ళే మనిషిని చూసి "పని దొరుకుత లేదు" అని ఏ పేపరు రాసింది? పది నెలలు పని దొరకకపోతే అది మన తలరాత. ఒక నెల మనిషి దొరకకపోతే అది దేశానికి ఉపద్రవం!

బజారు సూత్రం అందరికీ తెలిసిందే. సరుకు తక్కువై గిరాకీ పెరిగితే ధర పెరుగుతుంది. ఉల్లిగడ్డ ధర పెరిగితే వ్యాపారి తెలివిగలోడు. ప్లాటు ధర పెరిగితే కొన్నవాడి జాతకం బాగుంది. వడ్లకు క్వింటాలుకు నాలుగు రూపాయలు ఎక్కువ పలికితే రైతు పండుగ చేసుకుంటాడు, చేసుకోవాల్సిందే. మన చేతుల కష్టం ధర పెరిగితే మాత్రం "కూలోళ్ళకు కొవ్వెక్కింది." బజారు సూత్రం మన వాడ పొలిమేర దాకా వచ్చి ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో చూద్దాం.

నీళ్ళొచ్చినయి, కూలి రాలేదు

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. అది రాతి ఆనకట్ట. యంత్రాల కన్నా మనుషుల చేతులే దాన్ని లేపినయి. రాయి మోసిన తలలు, మట్టి తవ్వి గట్టు పోసిన చేతులు ఎవరివో చెప్పనక్కర లేదు. నీళ్ళు వచ్చినాక జొన్న, సజ్జ, ఆముదం పోయి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చుట్టూ వరి నిండింది. ఒక పంటకు బదులు రెండు పంటలు. నారు పీకాలి, నాటాలి, కలుపు తీయాలి, కోయాలి, కట్టలు మోయాలి, కుప్ప వేయాలి, కొట్టాలి. పని ఎన్నో రెట్లు పెరిగింది. సూత్రం ప్రకారం కూలి ఎగబాకాలి.

అట్లా ఎందుకు ఎగబాకలేదు? ఎందుకంటే ఆ రోజుల్లో మనోడు బజార్లో ఉన్న సరుకు కాదు, ఆసామి గడపకు కట్టేసిన జీతగాడు. అయ్య చేసిన అప్పుకు కొడుకు జీతముండె. ఉగాదికి లెక్క చూస్తే బాకీ తరగకపోయేది. పక్క ఊర్లో రెండు రూపాయలు ఎక్కువ ఇస్తామన్నా కదలలేని మనిషికి గిరాకీ ఎంత పెరిగితే ఏం లాభం? వెట్టి మీద ఈ నల్లగొండ జిల్లాలోనే 1946 నుంచి 1951 దాకా రక్తం పారింది. అయినా కట్టుజీతాన్ని చట్టంతో రద్దు చేయడానికి 1976 దాకా పట్టింది. ఇక్కడ ఒక పాఠం ఉంది, గుర్తు పెట్టుకోండి: పని పెరిగితే కూలి దానంతట అది పెరగదు. ఆ పని విడిచి ఇంకో పనికి పోగలిగినోడికే పెరుగుతుంది. కాలికి తాడు ఉన్నోడికి పెరగదు.

చుండూరునే చూడండి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. చంపక ముందు చేసిన మొదటి పని ఏంది? సంఘ బహిష్కరణ. పొలం పనికి పిలవకుండ ఆపడం. ఊరంతా ఒకటే పని, ఆ పని ఇచ్చే చేయి ఒకటే కులం అయినప్పుడు, కూలి ఆపడమే కత్తికన్నా ముందు దిగే ఆయుధం. అందుకే రెండో పని ఉండడం అంటే రెండు రూపాయలు ఎక్కువ రావడం ఒక్కటే కాదు. తలెత్తి మాట్లాడే ధైర్యం రావడం కూడా.

మన కూలి పెరిగిన చోటల్లా మిషను దిగింది

కట్టు తెగినాక, పిల్లలు కొంచెం చదువుకున్నాక, పట్నం దారి తెలిసినాక మన కూలి కదలడం మొదలైంది. కదిలిన చోటల్లా ఏం జరిగింది? కలుపు తీసే ఆడోళ్ళు కూలి పెంచమంటే కలుపు మందు వచ్చింది. కోతకు పెంచమంటే హార్వెస్టరు వచ్చింది. నాట్లకు పెంచమంటే వెదజల్లే పద్ధతి వచ్చింది. పది మంది పొద్దంతా వంగి కోసే ఎకరాన్ని మిషను గంట అటో ఇటో చేసి పోతుంది. దాంతో పాటు పోయినవి ఇంకా ఉన్నాయి. కూలి గింజలు పోయినయి. కోసిన మడిలో పరిగె ఏరుకునే హక్కు పోయింది. బర్రెకు మోపెడు గడ్డి తెచ్చుకునేది పోయింది. ఈ లెక్కలు ఏ కూలి రేటులోనూ కనపడవు, కాని ముసలవ్వల పొయ్యి వీటితోనే మండేది.

మిషను వద్దని నేను అనడం లేదు. బురదలో నడుము వంచి నాటేసిన ఆడమనిషి నొప్పి ఎట్లుంటదో మన ఇండ్లల్ల అందరికీ తెలుసు. ఆ నడుముకు సుఖం దొరికితే సంతోషమే. ప్రశ్న వేరే. మిషను కొనడానికి సర్కారు పైసలిస్తుంది. 2014-15 నుంచి కేంద్రం పెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో యంత్రం ధరలో సగం దాకా సబ్సిడీ ఉంది. భూమి ఉన్నోడు, బ్యాంకు నమ్మేటోడు దాన్ని అందుకుంటాడు. ఆ మిషను వచ్చి పని పోగొట్టిన పది మందికి ఏం సబ్సిడీ ఇచ్చారు? వాళ్ళకు ఏ పని నేర్పించారు? మీ ఊర్లో హార్వెస్టరు ఓనరు ఎవరు, డ్రైవరు ఎవరు, మెకానిక్ ఎవరు, ఖాళీగా గట్టు మీద నిలబడి చూసేటోళ్ళు ఎవరు? మీరే లెక్క రాసి చూడండి. పని ఒక చోట చచ్చి ఇంకో చోట పుడుతుంది. చచ్చేది ఎప్పుడూ మన చేతిలో ఉన్న పనే. పుట్టేది ఎవరి చేతిలో పుడుతుందన్నదే ప్రశ్న.

మోట పోయింది, తోలు పెరిగింది, మాదిగ ఎక్కడ?

ఇది కొత్త కథ కాదు. మోట కాలం గుర్తున్న పెద్దలు ఇంకా ఉన్నారు. బావి మీద మోట నడవాలంటే తోలు బొక్కెన కావాలి, తొండం కావాలి, వారు కావాలి. చచ్చిన ఎద్దును మోసి, తోలు తీసి, సున్నంలో నానేసి, తంగేడు చెక్కతో ఊనిన మాదిగోడి చేయి లేకుంటే చేనుకు నీళ్ళు లేవు. కరెంటు మోటారు వచ్చింది, కాలువ వచ్చింది, మోట పోయింది. రబ్బరు చెప్పు, ప్లాస్టిక్ చెప్పు వచ్చింది, ఊరి చెప్పు పోయింది. తోలుకు గిరాకీ తగ్గిందా? లేదు! దేశం నుంచి తోలు బూట్లు, సంచులు ఓడలెక్కి పోతున్నాయి. ఊర్లో చచ్చిన తోలు పని ఫ్యాక్టరీలో వెయ్యింతలై లేచింది. వెయ్యేండ్ల నుంచి తోలు గుణం తెలిసిన మాదిగ ఆ ఫ్యాక్టరీకి ఓనరు కావద్దా, కనీసం ఇంజనీరు కావద్దా? వాసన వచ్చినంత కాలం తోలు మనది. పైసలు వచ్చిన రోజు అది "పరిశ్రమ" అయింది, వాళ్ళది అయింది.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1936లోనే కులనిర్మూలన గ్రంథంలో ఈ సంగతి తేల్చి చెప్పాడు. ఒక పని తగ్గి ఇంకో పని పెరిగినప్పుడు మనిషి అటు నుంచి ఇటు మారగలగాలి. కులం ఆ మార్పుకు అడ్డం నిలుస్తుంది. కాబట్టి ఈ దేశంలో నిరుద్యోగానికి కులమే ఒక కారణమన్నాడు. అర్థశాస్త్రం చదివిన ఆయన చెప్పిన ఈ మాట కాలేజీ పాఠాల్లో ఎక్కడా కనిపించదు. పాఠంలో ఏముంటుంది? ఒక పరిశ్రమలో గిరాకీ పెరిగితే అక్కడ జీతం పెరుగుతుంది, జీతం చూసి జనం అటు పోతారు, కొన్నాళ్ళకు రెండు చోట్లా జీతాలు దగ్గరపడతాయి. బాగుంది. ఆ పోయే దారిలో గేటు ఉంటుందని, గేటు కాడ కులం కుర్చీ వేసుకొని కూసుంటదని ఆ పాఠంలో లేదు.

గేటు కాడ ఎవరున్నారు?

మన చుట్టూ గేట్లకు కొదవ లేదు. మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులు. మఠంపల్లి, మేళ్ళచెరువు, వాడపల్లి వైపు సున్నపురాయి పొరల మీద సిమెంటు ఫ్యాక్టరీలు. దామరచర్ల మండలం వీర్లపాలెం కాడ 2015లో శంకుస్థాపన చేసిన యాదాద్రి థర్మల్ కేంద్రం, 800 మెగావాట్ల యూనిట్లు అయిదు, మొత్తం 4,000 మెగావాట్లు. పొలంలో మనిషికి పని తగ్గిన కాలంలోనే వీటిల్లో పని పెరిగింది. పాఠం నిజమైతే మన వాడల నుంచి ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, ఆపరేటర్లు వరసపెట్టి పోవాలి.

మిల్లు లోపలికి పోయి మెట్లు లెక్కపెట్టండి. పైమెట్టు యజమాని. కింది మెట్టు మేనేజరు, గుమస్తా, లెక్కలు. ఆ కింద బాయిలర్ ఆపరేటరు, సార్టెక్స్ మిషను నడిపేటోడు, ఎలక్ట్రీషియన్. ఆ కింద బస్తాకు ఇంత అని మోసే హమాలీ. అట్టడుగున ఊక ఎత్తే, బూడిద ఎత్తే, ఊడ్చే మనుషులు, వాళ్ళలో ఎక్కువ ఆడోళ్ళు. ఒకటే మిల్లు, ఒకటే వడ్ల గింజ, ఒకటే దుమ్ము. పైకి పోయిన కొద్ది జీతం నెలకు, కిందికి దిగిన కొద్ది కూలి రోజుకు, బస్తాకు. ఏ మెట్టు మీద ఏ కులమో మిల్లుల్లో పని చేసే తమ్ముళ్ళే లెక్క రాసి పంపండి. పైమెట్ల ఉద్యోగాలకు ప్రకటన పడదు, పరీక్ష ఉండదు. "మనోడే" అన్న మాట మీద పోతయి. ఆ "మనోడు" అన్న మాటలో మనం లేము.

ఇది మిర్యాలగూడ వింత కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో మంచి జీతం వచ్చేది నేత శాఖలో. అక్కడ తెగిన దారాన్ని కండెకు ఎక్కించేటప్పుడు నోటితో పీల్చాలి. అంటరానోడు నోరు పెట్టిన దారం ముట్టుకోమని సవర్ణ కార్మికులు మనోళ్ళను ఆ శాఖలోకే రానివ్వలేదు. 1928 సమ్మె కాలంలో అంబేడ్కర్ ఈ ప్రశ్నే కార్మిక నాయకుల ముందు పెట్టాడు: మీ కోర్కెల్లో మావాళ్ళకు అన్ని శాఖల్లో పని కావాలన్న కోరిక ఎందుకు లేదు? ఎర్ర జెండా అయినా మూడు రంగుల జెండా అయినా ఆ ప్రశ్నకు ఇప్పటికీ నిండు జవాబు రాలేదు.

బొంబాయి పాత కథ అంటారా? సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన పరిశీలన చూడండి. ప్రైవేటు కంపెనీల ఉద్యోగాలకు ఒకే రకం చదువుతో, ఒకే రకం అనుభవంతో దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం వేరు. దళిత పేరు ఉన్న దరఖాస్తుకు పిలుపులు తక్కువ వచ్చినయి. చదువు ఒకటే, పేరు ఒకటి కాదు, అంతే తేడా.

ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ మీద ముప్పై ఏండ్లు కొట్లాట నడిచింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దారి తీసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ 15 శాతాన్ని మూడు గుంపులుగా పంచింది. న్యాయంగా పంచుకోవాల్సిందే. మాల సోదరులారా, మాదిగ సోదరులారా, ఉపకులాల సోదరులారా, ఒక్కసారి తలెత్తి ఆ పక్కకు చూడండి. మిల్లు గేటు లోపల, సిమెంటు గేటు లోపల ఆ 15 శాతం సున్నా. సున్నాను ఎన్ని గుంపులుగా పంచినా సున్నానే. సర్కారు నౌకర్లు ఏడాదికేడాది కరిగిపోతుంటే, గిరాకీ ఉన్న పనంతా రిజర్వేషన్ లేని గేటు లోపలికి పోయింది.

ఖగడియా రైలు

"మీవోళ్ళు బస్తాలు మోయరు, బీహారోళ్ళు మోస్తరు" అంటారు. 2020 మే నెల గుర్తు చేసుకోండి. కరోనా లాక్‌డౌన్‌లో దేశమంతా వలస కూలీలు చెప్పులు అరిగేదాకా ఇంటి దారి నడుస్తున్నారు. పోయేటోళ్ళందరికీ రైలు దొరకలేదు, బస్సు దొరకలేదు. అదే మే నెలలో బీహార్‌లోని ఖగడియా నుంచి లింగంపల్లికి ఒక ప్రత్యేక రైలు వచ్చింది. అందులో వచ్చింది రెండు వందలకు పైగా హమాలీలు, మన రాష్ట్రంలో బియ్యం మిల్లుల్లో పనికి. మంత్రే స్టేషనుకు పోయి స్వాగతం చెప్పాడు. యాసంగి వడ్లు కుప్పలు పడి ఉన్నయి, దించాలె, ఎక్కించాలె. గిరాకీ వస్తే రైలు కూడ వస్తది!

సర్కారు తలుచుకుంటే వెయ్యి మైళ్ళ అవతలి నుంచి మనిషిని తెస్తుంది. మిల్లుకు మూడు మైళ్ళ దూరంలో ఉన్న వాడలో పిల్లగాడికి బాయిలర్ పని నేర్పించి అదే మిల్లులో ఆపరేటరుగా పెట్టించడం మాత్రం దానికి చేతకాదు.

ఒక మాట గట్టిగ చెప్పాలె. బీహారోడు మన శత్రువు కాడు. ముసహర్ అన్నా దుసాధ్ అన్నా అక్కడి వాడలో పుట్టిన మనలాంటోడే. భూమి లేక, ఊర్లో కూలి లేక రెండు రోజులు రైల్లో నిలబడి వచ్చినోడు. వాడు తక్కువకు మోస్తున్నాడంటే వాడి ఒంట్లో బలం ఎక్కువై కాదు, వాడికి ఇక్కడ ఇల్లు లేదు, సంఘం లేదు, భాష లేదు, అడిగే దిక్కు లేదు. ముఠా మేస్త్రికి ఇచ్చింది తీసుకోవాలె. ఇప్పుడు నాట్లకు కూడా బీహార్, బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి, ఎకరానికి గుత్త మాట్లాడుకుంటున్నాయి. మన ఆడోళ్ళను వాళ్ళ మీదికి ఎగదోసి ఆసామి గట్టు మీద కూసుంటాడు. ఆ ఆటలో పడొద్దు. వాళ్ళ కూలి పెరిగితేనే మన కూలి నిలబడుతుంది. హమాలీ సంఘంలో వాళ్ళ పేరు కూడా రాయండి.

చట్టం ఎవరి పక్క దూకుతుంది?

కూలోడి ధర పెరిగినప్పుడల్లా రాజ్యం ఏం చేస్తుందో తెలియాలంటే దూరం పోయి చూడాలి. 1348, 1349లో ఇంగ్లాండును ప్లేగు ఊడ్చేసింది. పని చేసే చేతులు తక్కువైనయి, బతికినోళ్ళు కూలి పెంచమన్నారు. రాజు ఏం చేశాడు? 1349లో హుకుం, 1351లో చట్టం: ప్లేగుకు ముందు 1346లో ఎంత కూలి ఉందో అంతకే చేయాలి, లేకుంటే శిక్ష. ముప్పై ఏండ్లకు 1381లో రైతుకూలీలు లండను మీద పడ్డారు.

అమెరికా దక్షిణాన నల్లోళ్ళు పత్తి చేన్లలో మగ్గుతుంటే, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఉత్తరాన ఫ్యాక్టరీల్లో పని పెరిగింది. యూరపు నుంచి వచ్చే మనుషులు ఆగిపోయారు, షికాగో, డెట్రాయిట్ నల్లోళ్ళ కోసం చూసినయి. పత్తి ఆసాములు ఊరుకున్నారా? కూలీలను తీసుకుపోయే ఏజెంట్ల మీద పడ్డారు. జార్జియాలోని మేకన్ పట్టణం 1916లో ఆ ఏజెంటు లైసెన్సుకు 25,000 డాలర్లు పెట్టింది, ఎవడూ కట్టలేనంత. అయినా జనం రాత్రి రైళ్ళెక్కి పోయారు. చేను విడిచిపోయే దారి తెరిచినందుకే చేను కూలి కూడా కదిలింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. ఉపాధి హామీ పని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తొలి విడత జిల్లాల్లో నల్లగొండ కూడా ఉంది. ఆడా మగా ఒకటే రేటు. 2025-26లో తెలంగాణలో ఆ రేటు రోజుకు 307 రూపాయలు. గొప్ప పైసలేం కావు. దాని బలం పైసల్లో లేదు. ఆసామి తక్కువ చెప్పినప్పుడు "నేను రాను పో" అనడానికి కాళ్ళ కింద ఉన్న అరుగు అది. అందుకే వాళ్ళకు మొదటి నుంచి అది కంట్లో నలుసు. 2011లో కోనసీమలో పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు వాళ్ళ నోట వచ్చిన ఇంకో మాట, ఉపాధి పనిని పొలం పనికి కలపమని.

ఆ కోరిక 2025 డిసెంబరులో తీరింది. పార్లమెంటు పాత ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. వంద రోజులను 125 రోజులు చేశామని డప్పు కొట్టారు. డప్పు చప్పుడు కింద ఇంకో మాట దాచారు: విత్తనాల కాలంలో, కోతల కాలంలో కలిపి ఏటా 60 రోజులు ఆ పనులు పెట్టొద్దు, ఆ రోజులను రాష్ట్రం ముందే ప్రకటించాలి. ఖర్చులో 40 శాతం రాష్ట్రమే పెట్టుకోవాలి.

అక్కలారా, లెక్క చూడండి. ఏడాదిలో మన చేతికి ధర పలికేది ఆ రెండు నెలలే. సరిగ్గా ఆ రెండు నెలలే మన అరుగు తీసేస్తారు. పది నెలలు గిరాకీ లేనప్పుడు బజారు సూత్రం మనకు వర్తించాలి. రెండు నెలలు గిరాకీ ఉన్నప్పుడు మాత్రం సూత్రాన్ని పక్కకు పెట్టి చట్టం దిగాలి. ఇంగ్లాండు రాజు 1351లో చేసింది ఇదే కదా! వడ్ల వ్యాపారికి "ధర పలికే రెండు నెలలు కొట్టు మూసుకో" అని ఎవడైనా చట్టం చేస్తాడా?

"సన్నకారు రైతు బతకొద్దా?" అని అడుగుతారు. బతకాలి. రెండెకరాలు కౌలుకు చేసే మాదిగోడు, మాలోడు, గొల్లోడు కూడా నాట్లకు కూలి ఇచ్చుకోలేక అల్లాడుతున్నాడు. వాడి గొంతు నొక్కేది నాటేసే ఆడమనిషా? కౌలు గుంజే భూస్వామి, ఎరువు ధర, కాంటాలో తరుగు తీసే మిల్లు, వీళ్ళు కాదా? సన్నవడ్లకు 2024 వానాకాలం నుంచి క్వింటాలుకు 500 బోనస్ అన్నారు. కౌలు రైతు పేరు కాగితంలో లేకుంటే ఆ పైసలు ఎవరి ఖాతాలో పడతాయి? కౌలు రైతు కొట్లాట పైకి చూసి చేయాలి, కిందికి చూసి కాదు.

ఆడమనిషి కూలి

ఇంకో గేటు మన ఇంట్లోనే ఉంది. పని చేత్తో ఉన్నంత కాలం అది ఆడోళ్ళది. మిషను రాగానే మగోళ్ళదైంది. కోత ఆడోళ్ళది, హార్వెస్టరు స్టీరింగు మగోడిది. సమాన పనికి సమాన కూలి చట్టం 1976లోనే వచ్చింది. పని పేరే వేరు చేసి ఆ చట్టానికి టోపీ పెట్టారు. మగోడు చేస్తే "బరువు పని", ఆడది చేస్తే "ఊడ్చే పని". ఉపాధి పనిలో ఒకటే రేటు అన్నందుకే ఆడోళ్ళు గుంపులు గుంపులుగా దాంట్లోకి వచ్చారు. 60 రోజుల బందు పడేది ముందుగా వాళ్ళ మీదే. మన సంఘాల్లో ఈ మాట మాట్లాడటానికి ఆడోళ్ళకు మైకు ఇయ్యాలె. ఇవ్వకుంటే మనం కూడా గేటు కాడి మనుషులమే.

ఏం చేద్దాం?

1946లో కనీస వేతనాల బిల్లు పెట్టినప్పుడు అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడు. అది 1948లో చట్టమైంది. ఆ చట్టం షెడ్యూల్లో మొదటి భాగంలో బియ్యం మిల్లు పని, రెండో భాగంలో వేరుగా పొలం పని. ఒక్కో పనికి ఒక్కో రేటు. 2025 నవంబరు 21 నుంచి దాని చోట వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. షెడ్యూలు ఎత్తేశాం, అన్ని పనులకూ కనీస కూలి ఉంటుందని రాసుకున్నారు. రాసిందాన్ని అమలు చేయించే బాధ్యత మనది. కాగితం మీది కూలి కడుపు నింపదు.

కాబట్టి ప్రతి వాడలో ఈ పనులు మొదలుపెట్టండి.

ఒకటి. గ్రామసభలో తీర్మానం: 60 రోజుల బందు మాకొద్దు. అందరూ ఒక్కసారి అడగాలి, సంతకాలు, వేలిముద్రలు పెట్టాలి, ఒక కాపీ కలెక్టరుకు పోవాలి.

రెండు. నాట్లకు ముందే కూలి రేటు, గుత్త రేటు వాడంతా కలిసి తేల్చుకోవాలి. మాల వాడ ఒక రేటు, మాదిగ వాడ ఒక రేటు అంటే ఆసామి నవ్వుతాడు. వచ్చిన ముఠాతోనూ మాట్లాడి అదే రేటు నిలపాలి.

మూడు. ప్రతి మిల్లు, ఫ్యాక్టరీ గేటు లోపల ఏ పనిలో ఎందరు, ఏ ఊరోళ్ళు, ఏ కులమోళ్ళు, ఎంత జీతం, లెక్క రాయాలి. చదువుకున్న పిల్లలు ఒక నోటుబుక్కు పెట్టండి. లెక్క చేతిలో ఉంటే లేబర్ ఆఫీసుకు అర్జీ పెట్టొచ్చు, పత్రికలో వేయొచ్చు.

నాలుగు. సర్కారు భూమి, సర్కారు కరెంటు రాయితీ, సర్కారు వడ్లు తీసుకునే ప్రతి గేటులో మన వాటా ఉండాలి. మర ఆడించేది సర్కారు వడ్లు అయినప్పుడు ఆపరేటరు కుర్చీకి సర్కారు రూలు ఎందుకు వర్తించదు? ప్రైవేటులో రిజర్వేషన్ అడగడం బిచ్చం కాదు, బాకీ వసూలు.

అయిదు. పదో తరగతి తప్పిన పిల్లగాన్ని బస్తాకు తోలకండి, ఐటీఐకి తోలండి. ఆడపిల్లకు డ్రైవింగు నేర్పించండి. రేపు పెరిగే పని ఏదో చూసి ముందే ఆ మెట్టు కాడ నిలబడాలి. పని చచ్చినాక శవం కాడ ఏడిస్తే లాభం లేదు.

కూలోళ్ళు దొరకడం లేదని ఇంకోసారి ఎవడైనా అంటే నవ్వుతూ చెప్పండి: "కూలోళ్ళు ఇక్కడనే ఉన్నరు దొరా. దొరకనిది కూలి. తెరవనిది గేటు. రెండూ నీ చేతుల్నే ఉన్నయి."

తెరవకుంటే తెరిపించుకుందాం.

జై భీమ్!